పాదాభివందనం సరే, పాదపరీక్ష ఏదీ?



యతిభేదాలను గురించి వ్రాస్తానని మాట ఇచ్చి, కాళ్ళను గురించి వ్రాస్తున్నందుకు ముందుగా క్షమాపణ. పద్యపాదాన్ని గురించి ముప్పైనాలుగేళ్ళు పాఠం చెప్పాను. గణం తప్పిన చోట ఎఱ్ఱసిరాతో సున్నా చుట్టాను. అంతసేపూ నల్లబల్ల ముందు నన్ను నిలబెట్టి మోసిన రెండు పాదాలను గురించి మాత్రం, అరువది నాలుగేళ్ళు వచ్చేదాకా ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆలోచించవలసిన అవసరం ఎలా కలిగిందో, దానివలన నాకు ఏర్పడిన అభిప్రాయమేమిటో చెప్పడమే ఈ టపా ఉద్దేశం. నేను వైద్యుణ్ణి కాను. ఇది ఒక రోగి విన్నపంగా మాత్రమే చదువగలరు.

2023లో మేమిద్దరం మా అమ్మాయి దగ్గరకు మెల్‌బోర్న్ వెళ్ళాము. ఒకనాటి ఉదయం మా మనుమరాలు వంటింటి తెల్లని గచ్చు మీద వరుసగా ఎఱ్ఱని మరకలు చూసి, "తాతయ్యా, నువ్వేదో తొక్కావు" అన్నది. చూసుకొంటే ఎడమకాలి మడమ ప్రక్కన పగులు ఒకటి లోతుగా విచ్చుకొని రక్తం కారుతున్నది. "నొప్పేమీ లేదమ్మా, కాస్త ఆముదం రాస్తే అదే పోతుంది" అన్నాను. మా అమ్మాయి ముఖం పాలిపోయింది. "నొప్పి లేదంటేనే భయపడాలి నాన్నగారూ" అని ఆ మధ్యాహ్నమే పోడియాట్రిస్టు దగ్గరకు తీసుకొని వెళ్ళింది.

ఆ మాట వినడం నాకు అదే మొదలు. కారులో కూర్చొని అలవాటు కొద్దీ వ్యుత్పత్తి వెదుక్కున్నాను. గ్రీకు భాషలో 'పోద్' అంటే పాదం, 'ఇయాత్రోస్' అంటే వైద్యుడు. ఆ 'పోద్'కూ మన సంస్కృతపు 'పద్', 'పాద' శబ్దాలకూ మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే మాట మనకు చుట్టమే, వృత్తి మాత్రం మనకు పరాయిదిగా ఉండిపోయింది. బ్రిటనులో 'కైరోపొడిస్టు' అనే పాతపేరు కూడా ఉన్నది. 'కైర్' అంటే చేయి కనుక, చేతులూ కాళ్ళూ చూసేవాడని ఆ పేరుకు అర్థం. అమెరికాలో ఈ విద్యకు ప్రత్యేకమైన డాక్టరు పట్టా ఉన్నది. కళాశాలలో నాలుగేళ్ళు చదివి, ఆపైన ఆసుపత్రిలో శిక్షణ పొంది, పాదానికి శస్త్రచికిత్సలు కూడా చేస్తారు. బ్రిటనులోనూ ఆస్ట్రేలియాలోనూ చట్టప్రకారం పేరు నమోదైనవారే ఈ వృత్తి చేయాలి. లోపలికి పెరిగిన గోళ్ళు, ఆనెకాయలు, మడమనొప్పి, పిల్లల నడకలోని వంకరలు, చీలమండ బెణుకులు, మోకాలి దిగువ బాధలు, అన్నిటినీ మించి మధుమేహుల పాదాలు, ఇవన్నీ వారి పరిధిలోనివే.

లోపల ఉన్న వైద్యురాలు నా కడపటి తరగతి విద్యార్థినుల వయసు పిల్ల. నన్ను ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టి, తాను పొట్టి పీట వంటిదాని మీద కూర్చొని, నా పాదాన్ని రెండు చేతులా ఎత్తి తన ఒడిలో పెట్టుకొన్నది. నేను చటుక్కున కాలు వెనక్కు తీసుకొన్నాను. పొరపాటున కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకొనే దేశం నుంచి వెళ్ళినవాణ్ణి. ఒక ఆడపిల్ల నా అరికాలిని చేతిలో పెట్టుకొని పరికించడం నాకు తల తీసివేసినట్లయింది. మా అమ్మాయి ఏదో చెప్పింది. ఆ పిల్ల నవ్వి, తన పనే ఇదని, మొహమాటపడవద్దని చెప్పి మళ్ళీ పాదం అందుకొన్నది.

కళ్ళు మూసుకొమ్మన్నది. సన్నని నైలాను పోగు ఒకటి ఉంటుంది. పది గ్రాముల ఒత్తిడి పడగానే అది వంగుతుంది. ఆ పోగును అరికాలిలో అక్కడక్కడ ఆనించినప్పుడు, తగిలిన ప్రతిసారీ చెప్పాలి. నేను కళ్ళు మూసుకొని కూర్చున్నాను. కొంతసేపు చూశాను. చివరకు విసుగు వేసి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగాను. జవాబు రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆ పిల్ల మా అమ్మాయి వంక చూస్తున్నది. అప్పటికే ఆరుచోట్ల ఆనించిందట.

ఉద్యోగమంతా పరీక్షలు పెట్టినవాణ్ణి. ఆ పరీక్షలో మాత్రం నేను తప్పినట్లు కూడా నాకు తెలియలేదు.

తరువాత శ్రుతిదండం వంటి ఇనుప కవ్వాన్ని మ్రోగించి బొటనవేలి ఎముక మీద నిలిపి, అదురు తెలుస్తున్నదా అని అడిగింది. పాదం పైనా, చీలమండకు లోపలి ప్రక్క వెనుకా నాడి పట్టి చూసింది. చిన్న యంత్రంతో రక్తప్రవాహపు చప్పుడు వినిపించింది. పిక్కల మీద ఉబ్బి మెలితిరిగిన సిరలను చూసి, ఏం ఉద్యోగం చేశారని అడిగింది. ఎక్కువకాలం నిలబడి పనిచేసేవారికి వెరికోస్ వీన్స్ రావడం మామూలేనట. బిగుతు మేజోళ్ళు కొనుక్కొంటే సరిపోతుందా అని అడిగాను. కాలి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూసి, కాలికి రక్తం చక్కగా అందుతున్నదని తేలిన తరువాతనే వాటిని తొడగాలని, రక్తం సరిగా అందని కాలికి బిగిస్తే హాని అని చెప్పింది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొని తొడుక్కొనేవారు మనలో ఎందరో ఉన్నారు కనుక ఈ మాటను ప్రత్యేకించి వ్రాస్తున్నాను.

పగులు చుట్టూ గట్టిపడిన చచ్చుచర్మాన్ని తొలిచి, శుభ్రపరచి, కట్టు కట్టింది. ఆపైన నేను ఊహించని పని ఒకటి చేసింది. నా బూటులో చేయి పెట్టి, చంటిపిల్ల చొక్కా తడిమినట్లు లోపలంతా తడిమి చూసింది. వేళ్ళ దగ్గర లోపలి అట్ట మడతపడి ఉన్నది. మా ఊళ్ళో బయలుదేరిన నాటినుంచీ ఆ మడత మీదనే నడుస్తున్నాను. చిటికెనవేలి క్రింద చర్మం అప్పటికే ఎఱ్ఱబారి ఉన్నది. ఇంకొక నెల గడిస్తే అక్కడా పుండు పడేదేనట.

స్వదేశం చేరిన తరువాత నన్ను ఎక్కువగా బాధించిన సంగతి వేరే ఉన్నది. నాకు చక్కెరవ్యాధి బయటపడి అప్పటికి పదకొండేళ్ళు. మూడు నెలలకొకసారి మా పట్టణంలో వైద్యుణ్ణి చూస్తూనే ఉన్నాను. పేరు అక్కరలేదు. మంచివాడు, రోగుల మీద దయ గలవాడు. మన ఊళ్ళలో చాలా క్లినిక్కుల గుమ్మం దగ్గర 'చెప్పులు బయట విడువవలెను' అని బోర్డు ఉంటుంది కదా! అక్కడా ఉన్నది. అంటే పదకొండేళ్ళలో నలభైసార్లకు పైగా నేను వట్టికాళ్ళతో ఆయన ఎదుట కూర్చున్నాను. నా పాదాలు ఆయన బల్ల క్రింద, ఆయన పాదాలకు రెండడుగుల దూరంలో ఉన్నవి. ఒక్కసారీ ఆయన చూడలేదు, ఒక్కసారీ నేను చూపలేదు. మా ఇద్దరి చూపూ రక్తపరీక్ష చీటీ మీదనే. అక్కడ బూట్లు విప్పించి మరీ చూశారు. ఇక్కడ విప్పి వెళ్ళినా చూసే నాథుడు లేడు.

తప్పంతా ఆయనదే అనను. పూటకు అరవై డెబ్బై మందిని చూడవలసిన మనిషి ఎవరి కాళ్ళని పట్టుకొంటాడు? పైగా నాకు హెచ్చరిక అంతకుముందే అందింది, నేనే వినలేదు. మా పాఠశాలలో డ్రిల్లు మాష్టారు ఒకరుండేవారు. ఉదయం ప్రార్థన వేళ ఆయన ఈల వేస్తే ఆరువందల పాదాలు ఒక్కసారి నేలను తాకేవి. ఆయన అరికాలిలో ఆనెకాయ వచ్చింది. దుకాణంలో దొరికే ఆనెల పట్టీ వేసుకొన్నారు. దానిలో చర్మాన్ని కరిగించే ఆమ్లం ఉంటుంది. స్పర్శ తగ్గిన పాదం మీద అది మంచిచర్మాన్ని కూడా తినివేస్తుంది. మిగిలినదాన్ని గడ్డం గీసుకొనే బ్లేడుతో చెక్కుకొన్నారు. మేజోడు తడిసి కనబడుతున్నా "నొప్పి లేదు మాష్టారూ, అదే మానుతుంది" అనేవారు. పది పన్నెండు రోజులకు జ్వరం వచ్చింది, పిక్క దాకా వాచింది. నగరంలోని ఆసుపత్రికి చేర్చేసరికి, ప్రాణం నిలవాలంటే మోకాలి క్రిందికి తీసివేయక తప్పదన్నారు. చూడడానికి వెళ్ళినప్పుడు దుప్పటి వంక చూపించి, "పిల్లలకు ఎడమ, కుడి నేర్పినవాణ్ణి మాష్టారూ!" అని మరి మాట్లాడలేదు. తరువాత మూడేళ్ళే ఉన్నారు. నేను ఇంటికి వచ్చి ఏమనుకొన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. "ఆయనకు చక్కెర అదుపులో లేదు, నాకు ఉన్నది కదా" అనుకొన్నాను. నా పాదాలను చూసుకోలేదు.

'గోరుచుట్టు మీద రోకటిపోటు' అన్నారు పెద్దలు. రోకటిపోటు తెలిసినవాడు అదృష్టవంతుడని ఇప్పుడు నాకు తోస్తున్నది. తెలిస్తే చేయి వెనక్కు తీసుకొంటాడు. తెలియనివాడి సంగతే భయం.

ఈ విజ్ఞానం పశ్చిమం నుంచి దిగుమతి చేసికోవలసినదా అంటే కానే కాదు. చిత్తూరు దాటితే వచ్చే రాయవేలూరులోనే దీనికి గట్టి పునాది పడింది. పాల్ బ్రాండ్ 1914లో తమిళదేశపు కొల్లికొండలలో పుట్టిన ఆంగ్లేయుడు. 1946లో రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చి కుష్ఠరోగుల చేతులకూ కాళ్ళకూ శస్త్రచికిత్సలు చేశారు. కుష్ఠు వలన వేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయని లోకం నమ్మేది. ఆయనా ఆయన సహచరులూ గమనించినది వేరు. ఆ వ్యాధి నరాలను మొద్దుబారుస్తుంది. నొప్పి తెలియనివాడు కాలినచోటనే మళ్ళీ కాల్చుకొంటాడు, తెగిన కాలితోనే నడుస్తాడు. అవయవాన్ని హరించేవి ఆ గాయాలే. అందుకని మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరుతో చెప్పులు కుట్టించారు. 1960వ దశకంలో అమెరికాలోని కార్విల్ కుష్ఠరోగుల ఆసుపత్రికి వెళ్ళిన తరువాత, ఆ సూత్రాన్నే మధుమేహుల పాదాలకు కూడా అన్వయించారు. నొప్పి ఎవరూ కోరుకోని వరమని 1993లో ఫిలిప్ యాన్సీతో కలిసి ఒక పుస్తకమే వ్రాశారు. మన గుమ్మం ముందు పుట్టిన విద్య సముద్రాలు దాటి వెళ్ళగా, దాన్ని వెదుక్కొంటూ నేను మెల్‌బోర్న్ దాకా పోవలసివచ్చింది.

కళ్ళకు వైద్యుడున్నాడు, పళ్ళకు వైద్యుడున్నాడు. పాదం మాత్రం మన దేశంలో ఉమ్మడి ఆస్తి వంటిది, అందరిదీ కనుక ఎవరిదీ కాదు. చర్మమైతే ఒకరు, ఎముక అయితే ఇంకొకరు, రక్తనాళమైతే వేరొకరు. మహానగరాలలో మధుమేహపాదానికి ప్రత్యేక విభాగాలు ఉన్నవి, అక్కడి శస్త్రవైద్యులు మంచి సేవ చేస్తున్నారు. కాని నగరం చేరేసరికి కాలు నల్లబడి ఉంటుంది. 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం దేశంలో మధుమేహుల సంఖ్య 10.1 కోట్లని అంచనా వేసింది. అంటే ఇరవై కోట్ల పాదాలు. ఇన్నిటికీ ప్రత్యేక వైద్యులు తయారయ్యేదాకా చూస్తూ కూర్చోలేము.

కాబట్టి నా అభిప్రాయం ఇది. చక్కెర పరీక్ష జరిగే ప్రతిచోటా పాదపరీక్ష కూడా జరగాలి. ఏడాదికొకసారైనా జరగాలి, స్పర్శ తగ్గినవారికి ఇంకా తరచుగా జరగాలి. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఆ నైలాను పోగు ఖరీదైన వస్తువు కాదు, పరీక్షకు పట్టేది నాలుగైదు నిమిషాలు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో నర్సమ్మకు నేర్పితే ఆమె చేయగలదు. రక్తపరీక్ష చీటీలో చక్కెర అంకె ప్రక్కన 'పాదాలు చూచితిమి' అని ఒక గడి ఉంటే చాలు. గడి ఖాళీగా ఉంటే రోగి అడుగుతాడు. అంతదాకా మనమే అడగాలి. వైద్యుడు చీటీ వ్రాయబోయే ముందు, "అయ్యా, ఒక్కసారి నా కాళ్ళు చూడండి" అనాలి. నేను ఇప్పుడు అంటున్నాను. మా వైద్యుడు మొదటిసారి ఇబ్బందిగా నవ్వాడు. రెండవసారి తానే క్రిందికి వంగాడు. మొన్న వెళ్ళినప్పుడు నా తరువాతి రోగిని కూడా కాళ్ళు చాపమనడం విన్నాను.

నాకు నేర్పిన జాగ్రత్తలు నాలుగు మాటలలో చెబుతాను. రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. వంగలేనివారు నేలమీద అద్దం పెట్టుకొని చూడాలి, చూపు ఆననివారు ఇంట్లో పిల్లలను చూడమనాలి. కడిగిన తరువాత వేళ్ళ సందులు పొడిగా తుడవాలి. మడమకు నూనె, లేపనం రాయవచ్చు కాని సందులలో రాయరాదు. ఆనెకాయకు పట్టీలు, బ్లేడు పనికిరావు. కాళ్ళు తిమ్మిరెక్కినవని వేడినీళ్ళ కాపడం పెట్టరాదు, ఎంత కాలిందో తెలియదు. తేలు ఉన్నదేమోనని మన పెద్దలు చెప్పులు దులిపి తొడిగేవారు. తేలు లేకపోయినా దులపాలి, చేయి పెట్టి తడమాలి. నాలుగడుగులు నడవగానే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతున్నదంటే అది వయసని సరిపెట్టుకోరాదు, రక్తం అందడం లేదేమో చూపించుకోవాలి. పుండు పడి వాపు, ఎఱుపు, వాసన, నలుపు, జ్వరం, వీటిలో ఏది కనబడినా మర్నాటికి వాయిదా వేయరాదు.

ఇక ఆచారం మాట. అలిపిరి మెట్లు సుమారు 3,550. వట్టికాళ్ళతో ఎక్కుతానని మ్రొక్కుకొన్నవారి భక్తిని నేను ప్రశ్నించను, నేనూ ఎక్కినవాణ్ణే. కాని స్పర్శ పోయిన పాదం, మిట్టమధ్యాహ్నపు గుడి బండ మీద కాలుతున్నా యజమానికి కబురు పంపదు. అటువంటివారు వైద్యుణ్ణి అడిగి, చల్లని వేళ చూసుకొని వెళ్ళడం అపచారం కాదని నా నమ్మకం.

కాళ్ళు కడిగి కన్యాదానం చేస్తాము. పెద్దల పాదాలకు మ్రొక్కుతాము. గురువుగారి పాదుకలను పీటమీద పెట్టి పూజిస్తాము. పాదాన్ని ఇంత గౌరవించిన జాతి మరొకటి ఉంటుందనుకోను. కాని మ్రొక్కేటప్పుడు కళ్ళు మూసుకొంటాము. నా కాళ్ళకు మ్రొక్కిన శిష్యులు వందలమంది. వారిలో ఒక్కరూ నా మడమ పగులు చూడలేదు, చూసినా చెప్పడం మర్యాద కాదనుకొని ఉంటారు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. మా ఇంటావిడకు కూడా చక్కెర ఉన్నది, తొమ్మిదేళ్ళుగా. మెల్‌బోర్న్‌లో నా పాదాలు చూపించుకొని వచ్చామే కాని, ఆవిడవి చూపాలని నాకు గాని, ఆవిడకు గాని తోచలేదు. వచ్చిన నెలకు ఒకరాత్రి నా పాదాలు చూసుకొంటూ, "నీవీ ఒకసారి చూడనీ" అన్నాను. "ఏమండీ, మీకు మతి పోయిందా! మీరు నా కాళ్ళు పట్టుకోవడమేమిటి?" అని చీర అంచు క్రిందికి లాక్కొన్నది. పెళ్ళిలో మెట్టెలు తొడగడానికి పట్టుకొన్నాను కదా అంటే, "అది మంత్రాల మధ్య" అన్నది. అయినా వినలేదు. ఎడమకాలి మెట్టె వాచిన వేలిలో దిగబడి ఉన్నది. సబ్బు రాసి మెల్లగా జరిపితే, వెండి క్రింద అర్ధరూపాయి బిళ్ళంత పచ్చిపుండు. ఎన్నాళ్ళ నుంచి అంటే, "ఏమో, నొప్పి లేదు" అన్నది.

ఆ మాట వినగానే నాకు డ్రిల్లు మాష్టారి దుప్పటి కళ్ళముందు కదిలింది. మెట్టెలు తీయించడానికి ఆ రాత్రి మా యింట్లో జరిగిన వాదం ఏ అవధానసభలోనూ జరిగి ఉండదు. చివరకు తీసి దేవుడి మందసంలో పెట్టింది. మర్నాడు ఉదయమే చూపించాము. ఏడు వారాలకు మానింది. మానిన తరువాత కంసాలి చేత వదులుగా చేయించి తొడిగాము. తొడిగినది నేనే, ఈసారి మంత్రాలు లేకుండా.

పోడియాట్రిస్టుకు తెలుగులో మాట లేదని అక్కడ మా అమ్మాయి అన్నది. 'పాదవైద్యుడు' అంటే సరిపోతుందని నా సూచన. క్రొత్త మాటలు పుట్టించడంలో మీరు నాకంటె సమర్థులు, ఇంతకంటె తెలుగుదనం ఉన్నది తోస్తే చెప్పండి. మాట ఏదైనా కానివ్వండి, ఆ మాటకు తగిన మనిషి మన ఊళ్ళో వచ్చేదాకా ఆ పని మనదే. ఈ టపా చదివినవారు ఈ రాత్రి పడుకొనే ముందు, ఇంట్లో చక్కెర ఉన్న పెద్దవారి కాళ్ళ దగ్గర దీపం పెట్టి ఒక్కసారి చూడండి. మ్రొక్కడం ఆ తరువాత చేయవచ్చు.

స్వస్తి.